ఎవరి మూరెడు వాళ్లు

పెద్ద వరద వచ్చిపోయిన ఏడో ఏడు అది. ఆ ఏడు ఎండలు ముదరకముందే కంపెనీ వాళ్లు పల్లం కాలనీకి వచ్చి, ఇళ్లన్నిటికీ ఉచితంగా వెల్ల వేయిస్తామన్నారు.

అడిగినా పెట్టేవాడు లేని లోకంలో అడక్కుండా సున్నం ఎవడు కొడతాడని ఒక్కరికైనా అనుమానం రావాల్సింది. రాలేదు. ఏడేళ్లుగా నాచు పట్టిన గోడలవి. పుణ్యానికి వస్తే పైకప్పుకి కూడా వేయించుకుందాం అని నవ్వుకున్నారు.

పల్లం కాలనీ అంటే రెండు వీధులు, నూట నలభై ఇళ్లు. తాపీ పనివాళ్లు, లారీల మీద ఎత్తుడు పనివాళ్లు, మేడల్లో గిన్నెలు తోమేవాళ్లు, మూతపడ్డ మిల్లు నుంచి దిగిపోయినవాళ్లు. కాలనీ వెనక మడుగు. పైనుంచి వచ్చే వాననీళ్లన్నీ ఆ మడుగులోకి దిగేవి. దాన్ని కంపెనీ కొంది. అమ్మినవాడికి మడుగు ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు. కొన్న మర్నాటి నుంచే లారీలతో మట్టి పోసి పూడుస్తోంది. పూడ్చినచోట పద్నాలుగు అంతస్తుల మేడలు లేపుతుందట. మడుగు పూడిస్తే అందులోకి రావలసిన నీళ్లు ఎక్కడికి పోతాయో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నీరు పల్లమెరుగు. ఆ పల్లంలో నూట నలభై ఇళ్లున్నాయి.

వెల్ల వేసే పని రంగులాయనకి ఇచ్చారు.

రంగులాయన మూడో తరగతిలో బడి మానేసినవాడు. అక్షరాలు చదవడం కన్నా గీయడం ముందు నేర్చాడు. నలభై ఏళ్లు దుకాణాలకి బోర్డులు రాశాడు. బోర్డులు మిషన్లలో అచ్చయ్యే రోజులొచ్చాక గోడలకి రంగులు కొట్టుకుని బతికాడు. మనిషి మాట్లాడడు. ఆయన నోరు తెరవాలంటే రంగు డబ్బా మూతకి పెట్టినట్టు స్క్రూడ్రైవరు పెట్టి లేపాలని వీధిలో వెక్కిరింత.

పెద్ద వరద నాడు ఆయన కాలనీలో లేడు. పక్క ఊళ్లో బోర్డు రాయడానికి పోయి అక్కడే చిక్కుకున్నాడు. ఇంట్లో భార్య, పన్నెండేళ్ల మనవరాలు. పిల్ల తల్లిదండ్రులు కూలికి దూరదేశంలో ఉన్నారు. నీళ్లు వస్తుంటే ఆ ఇల్లాలు మనవరాలిని అటక ఎక్కించి, పక్కింటి ముసలమ్మ కోసం మళ్లీ దిగింది. ఇక రాలేదు. మూడోనాడు నీళ్లు తీశాక ఆయన ఇంటికి చేరేసరికి గోడ మీద ఆయన నుదుటి ఎత్తున బురద చార ఉంది. ఆయన ఏడవలేదు. నీలం డబ్బా, కుంచె తీసుకుని ఆ చార మీద సన్నగా గీత గీశాడు. తర్వాత పక్కింటికి పోయాడు, అక్కడా గీశాడు. ఎవరూ అడగలేదు, ఆయన ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజుల్లో రెండు వీధుల్లోనూ ప్రతి ఇంటి మీదా నీలం గీత. అదే కాలనీకి లెక్క. పిల్లల వయసు కూడా ఆ గీతతోనే చెప్పేవాళ్లు, వీడు గీతకి ముందు పుట్టాడు, ఇది గీత తర్వాతది అని.

ఆ గీతలన్నీ ఆయన చేతే చెరిపించారు.

సూపర్‌వైజరు ప్రతి ఇంటి ముందూ నిలబడి, ఈ చార కనపడకూడదు అని వేలు పెట్టి చూపించేవాడు. కుట్టుమిషను వదిన అడ్డం వచ్చింది. వరదలో ఆమె మిషను పోయింది, మిషను కన్నా ముందు అదే నీళ్లలో మొగుడు పోయాడు. మా ఇంటి గీత ఒక్కటీ ఉండనివ్వు అన్నయ్యా అంది. రంగులాయన సూపర్‌వైజరు వంక చూశాడు. వాడు తల అడ్డంగా ఊపాడు. పని పోతుందని రంగులాయన భయం. కుంచె ఆడించాడు. నీలం మొండి రంగు, రెండు పూతలకి చావలేదు. పూత ఆరగానే తెల్లటి గోడలోంచి మళ్లీ పైకి తేలింది. మూడో పూత వేశాడు. ఆ వదిన గడపలో కూర్చుని మూడు పూతలూ చూసింది.

ఇంటి లోపలి గోడలు కంపెనీకి అక్కర్లేదు. అందుకని రంగులాయన తన ఇంట్లో లోపల కూడా గీసుకున్న గీత ఒక్కటి బీరువా వెనక మిగిలిపోయింది.

పక్షం తిరిగేసరికి నాలుగు రోడ్ల కూడలిలో కంపెనీ ఇంటిగోడంత తెర నిలబెట్టింది. అందులో కంప్యూటరు బొమ్మ. నీలాల మడుగు, అందులో చేపలు, పైన తెల్ల పిట్టలు. ప్రకృతిని కాపాడుకుందాం అని కింద అక్షరాలు. పర్యావరణం మీద కళ అని పేపర్లో రాశారు, బహుమతి కూడా ఇచ్చారు. తెరలో మడుగు, తెర వెనక మడుగులోకి మట్టి లారీలు. లారీ డ్రైవర్లే తెర చూసి నవ్వుకునేవాళ్లు, మనం పూడుస్తున్నది దీన్నేనా అని.

రంగులాయన మనవరాలు కాలేజీలో కంప్యూటరు బొమ్మల చదువు చదువుతోంది. ఆ బొమ్మలో పిట్టలకి రంగులద్దిన నలుగురిలో తనూ ఒకతె. ఫీజు కోసం నెలరోజుల పని ఒప్పుకుంది. ఎవరి కోసమో ఏమిటో వాళ్లకి చెప్పలేదు. మొదటిసారి కూడలిలో తన పిట్టల్ని చూసి సంబరపడి తాతని తీసుకొచ్చి చూపించింది. తాత చూశాడు. పిట్టలు బాగున్నాయి అన్నాడు.

ఆ తర్వాత వారం నోటీసు వచ్చింది. మేడలకి అనుమతి ఇచ్చే ముందు సర్కారు తరఫున ప్రజల మాట వింటారట. కంపెనీ కొత్తగా కట్టిన ఆఫీసు హాల్లో, ఉదయం పదకొండింటికి. నోటీసు వెనక కంపెనీ ఇచ్చిన నివేదిక. కుళాయి దగ్గర అందరూ గుమిగూడితే మనవరాలు పైకి చదివింది. మడుగు భూమిలో గానీ దాన్ని ఆనుకున్న కాలనీలో గానీ నీరు నిలిచిన ఆనవాళ్లు ఏవీ లేవు. రుజువుగా ఫోటోలు జతపరచడమైనది.

ఫోటోలు చూశారు. తెల్లటి గోడలు. కుట్టుమిషను వదిన గోడ, ఎత్తుడు పనివాళ్ల గోడలు, బడి గోడ. రంగులాయన మూడు పూతలు వేసిన గోడలు.

పిల్ల కాగితం మడిచింది. తాత చేత గీతలు చెరిపించారు, మనవరాలి చేత పిట్టలు గీయించారు. కష్టజీవి చెయ్యి ఎంత నేర్పు గలదైతే దొంగకి అంత అక్కర. ఇది చదివే కూలివాళ్లూ చదువుకునే పిల్లలూ ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకోండి. మన గొంతుకి ఉరితాడు మన చేతే పేనిస్తారు, బాగా పేనావని మెచ్చుకుంటారు కూడా.

ఆ ఆదివారం బడి ఆవరణలో మీటింగు పెట్టుకున్నారు. మీటింగంటే అందరూ ఒకేసారి మాట్లాడటం. మిల్లు నుంచి దిగిపోయిన పెద్దమనిషి అర్జీ రాద్దామన్నాడు. ఇదివరకు రాసిన అర్జీలు ఏ గేదె తిందో కనుక్కుని, ఇది కూడా దానికే వేద్దామని వెనకనుంచి ఎవరో అన్నారు. ఎత్తుడు పనివాళ్లు లారీలు ఆపుదామన్నారు. ఆ లారీల మీద బతికే వాళ్లు ముగ్గురు లేచి, మా పొయ్యి మీద నీళ్లు పోస్తారా అని అరిచారు. వరద వస్తే పొయ్యి మీద నీళ్లు ఎవరూ పొయ్యక్కర్లేదని ఆడవాళ్లు తిరిగి అరిచారు. ఒకడు కంపెనీ ఏదో ఇస్తుందట, పుచ్చుకుని కదిలిపోదామన్నాడు. ఎక్కడికని అడిగితే కూర్చున్నాడు.

అప్పుడు తాపీ అక్క లేచింది. ఇటుకలు మోస్తూ మోస్తూ పని చూసి నేర్చుకుని మేస్త్రి అయిన మనిషి. ఆమె కట్టిన గోడకి వంక పెట్టినవాడు లేడు. గోడలున్నాయి, గీతలే లేవు, మళ్లీ గీద్దాం అంది. ఎంత ఎత్తున గీస్తావు, నీకు గుర్తుందా, నాకు గుర్తుందా, రేపు వాళ్లు నువ్వు ఇష్టమొచ్చినట్టు గీశావంటే ఏం చెబుతావని మిల్లు పెద్దాయన అడిగాడు.

రంగులాయన గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. లేచాడు. ఆయన లేవగానే గోల ఆగింది, ఎందుకంటే ఆయన మీటింగులో లేవడం ఎవరూ చూడలేదు.

"చెరిపింది నేను" అన్నాడు. "మా ఇంట్లో బీరువా వెనక ఒకటుంది. చెరపనిది."

కుట్టుమిషను వదిన ఆయన వంక చూసింది. "నీ ఇంటిది మాత్రం దాచుకున్నావా అన్నయ్యా?" అంది.

ఆయన తల దించుకున్నాడు. ఆ మాట ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఒక్క గీత చాలంది తాపీ అక్క. మేస్త్రీలందరి దగ్గరా మట్టం గొట్టం ఉంటుంది. లోపల నీళ్లు కనిపించే పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం. ఒక కొసని గుర్తు దగ్గర పట్టుకుని, రెండో కొస ఎంత దూరాన పట్టుకున్నా నీళ్లు అదే ఎత్తున నిలబడతాయి. ఇల్లు కట్టేవాడికి అంతకంటే నిజం చెప్పే పనిముట్టు లేదు. ఆ గొట్టంతో బీరువా వెనక గీతని నూట నలభై గోడల మీదకీ మోద్దామంది.

మనవరాలు ఇంకో మాట కలిపింది. గోడలు మళ్లీ సున్నం కొడితే పోతాయి. ఒక్కో ఇంటినీ ఫోటో తీసి, ఆ ఇంటివాళ్లని గుమ్మంలో నిలబెట్టి, గీత దాకా నీళ్లు నింపిన బొమ్మ చేస్తానంది. నూట నలభై బొమ్మలు పక్కపక్కన. ఏ ఇంటి మీద వేలు పెడితే ఆ ఇంటివాళ్ల గొంతు వినపడుతుంది. దాన్ని ఆ హాల్లోనే, వాళ్ల తెర మీదే చూపిద్దామంది. పిట్టలకి రంగులద్దిన చేత్తోనే చేస్తాను అంది. ఆ మాట అంటుంటే పిల్ల మొహం ఎర్రబడింది.

సోమవారం మొదలుపెట్టారు. మొదటి వీధి మధ్యాహ్నానికల్లా అయింది. రంగులాయన గుర్తు దగ్గర కొస పట్టుకునేవాడు. అవతలి కొస దగ్గర తాపీ అక్క నీటిమట్టం చూసి పెన్సిల్‌తో గుర్తు పెడితే, ఆయన వచ్చి దాని మీద నీలం గీత లాగేవాడు. ఆ ఇంటి గుర్తు నుంచి తర్వాత ఇంటికి. ఇంటివాళ్లు గుమ్మంలో నిలబడి ఫోన్లో మాట్లాడేవాళ్లు. ఒకావిడ పోయిన మేకల పేర్లు చెప్పింది. ఒకాయన ఏమీ చెప్పలేక దగ్గాడు, ఆ దగ్గే ఉంచమన్నాడు.

రెండో వీధి మొదట్లో మనవరాలు ఆగి, గొట్టంలో నీళ్లు కెమెరాకి కనపడటం లేదంది. ఉత్త గొట్టం పట్టుకుని నిలబడ్డట్టుంది, బొమ్మలో ప్రాణం లేదంది. రంగులాయన ఇంట్లోకి పోయి నీలం రంగు సీసా తెచ్చాడు. తాపీ అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"గొట్టంలో రంగు వెయ్యకు బాబాయ్. మట్టం గొట్టంలో ఉత్త నీళ్లే ఉండాలి. మా మేస్త్రి చెంపమీద కొట్టి చెప్పిన మాట."

నలభై ఏళ్లుగా రంగుల్లో బతికాను, నాకు చెబుతున్నావా అన్నట్టు చూశాడు ఆయన. బకెట్లో రంగు కలిపి గొట్టంలోకి తీశాడు. నిజమే, బొమ్మ అద్భుతంగా వచ్చింది. వీధి పొడుగునా నీలం తీగ పాకుతున్నట్టుంది. మనవరాలు చప్పట్లు కొట్టింది. ముసలాయన మొహంలో చాలా ఏళ్ల తర్వాత ఒక గర్వం కనిపించింది. సాయంత్రానికి రెండో వీధీ పూర్తయింది. ఎత్తుడు పనివాళ్లు టీ తెప్పించారు.

విచారణ రోజున హాలు నిండింది. ముందు వరసల్లో మేడల్లో ఇళ్లు కొనుక్కోబోయే వాళ్లు. వాళ్లూ గుమాస్తాలు, పంతుళ్లు, నర్సులు, జన్మంతా కూడబెట్టినవాళ్లే. వెనక కాలనీ. ఎత్తయిన వేదిక లేదు, ఎదురుగా పొడవాటి బల్ల, దాని వెనక విచారణ అధికారి, కంపెనీ మేనేజరు, ఇంజనీరు. వాళ్ల వెనక తెల్ల గోడ, గోడకి తెర, తెరలో నీలాల మడుగు. హాలంతా పూడ్చిన మట్టి మీద, కాలనీ కన్నా మోకాలెత్తున ఉంది.

మనవరాలు లేచి తన బొమ్మ వేసింది. తెర మీద నూట నలభై గుమ్మాలు. నూట నలభై కుటుంబాలు నీళ్లలో కళ్లు తెరిచి నిలబడి ఉన్నాయి. తలల మీదుగా ఒక్క నీలం గీత. కుట్టుమిషను వదిన ఇంటిని తాకింది. వదిన గొంతు హాల్లో పలికింది, మిషను గురించి కాదు, మొగుడి గురించి. కొనుక్కోబోయే వాళ్లలో ఒక నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇంజనీరు లేచాడు. చిన్న వయసువాడే, నవ్వు మొహం. నిన్న తాను కాలనీకి పోయి మట్టం కొలిచే మిషనుతో ఈ గీతలు కొలిచానన్నాడు. మొదటి వీధి గీతలకీ రెండో వీధి గీతలకీ జానెడు తేడా ఉందన్నాడు.

"మొదటి వీధిలో నీళ్లు పైన, రెండో వీధిలో కింద. ఏమండీ, మీ వరదకి మెట్లు కట్టించారా?"

ముందు వరసలు నవ్వాయి. మేనేజరు నవ్వాడు. అధికారి కలం మూత పెట్టి, బొమ్మలు బాగా వేస్తున్నారు, సాక్ష్యం వేరు, కల్పన వేరు అన్నాడు. పిల్ల మైకు దగ్గర బొమ్మలా నిలబడిపోయింది. వెనకనుంచి కాలనీవాళ్లే గుసగుసలాడారు, తప్పు గీశామా, అబద్ధమాడామా అని. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. నిజం మన పక్కన ఉండి కూడా మనమే దొంగల్లా తల దించుకోవడం.

తాపీ అక్క రంగులాయన వంక చూసింది, అంతే.

ఆయన తన పిడికిలి చూసుకున్నాడు. సోమవారం మధ్యాహ్నం, కొత్తగా నీళ్లు నింపాక, గొట్టం ఎన్నిసార్లు తట్టాడు? తట్టలేదు. మట్టం గొట్టంలో గాలిబుడగ ఉంటే మట్టం తప్పుతుంది. అందుకే మేస్త్రి గొట్టం అంతా చూస్తాడు, వేలితో తట్టి బుడగని పైకి తోలతాడు. ఆయన వేసిన మొండి రంగు గొట్టం లోపలికంటా పట్టేసింది. నీళ్లున్నచోటా నీలమే, లేనిచోటా నీలమే. జానెడు బుడగ, ఆయన పట్టుకున్న కొసలో, ఆయన పిడికిలి కింద కూర్చుంది. అవతలి కొసలో నీళ్లు జానెడు కిందకి దిగాయి. తర్వాత గొట్టం కదిపేసరికి బుడగ పోయినా, ఆ తప్పు గుర్తు నుంచే వీధంతా గీశారు. బొమ్మ బాగుండాలని.

ఆయన లేచి నడిచాడు. మైకు ఎలా పట్టుకోవాలో తెలియక, పట్టుకోకుండానే మాట్లాడాడు.

"రెండో వీధి గీత తప్పు. గొట్టంలో రంగు వేసింది నేను. వద్దంటే వేశాను. బుడగ నా చేతికిందే ఉంది, చూసుకోలేదు. పిల్లది తప్పు కాదు, మేస్త్రిది తప్పు కాదు." బల్ల వైపు తిరిగాడు. "గోడలకి వెల్ల వేసి గీతలు చెరిపిందీ నేనే. కంపెనీ చెరపమంది. ఆ ఫోటోల్లో తెలుపు నాది."

మేనేజరు ఇది సంబంధం లేని విషయమన్నాడు. నర్సమ్మ లేచి, ఆయన్ని చెప్పనివ్వండి, మేం ఇక్కడే కదా ఇళ్లు కొంటున్నది అంది.

"ఉత్త నీళ్లతో మళ్లీ కొలుస్తాం" అన్నాడు రంగులాయన. "ఇప్పుడే. మా ఇంటి నుంచి ఈ హాలు దాకా. ఒక కొస ఇంజనీరుగారు పట్టుకోవచ్చు."

ఇంజనీరుకి తన మిషను మీద ఎంత నమ్మకమో, గొట్టం మీద అంత చులకన. కొలవండి, సరదాగా ఉంటుంది అన్నాడు. మేనేజరు అతని చొక్కా లాగాడు గానీ మాట జారిపోయింది. అధికారి గంట టైమిచ్చాడు.

ఆ గంటలో జరిగింది చూడాల్సిందే గానీ చెప్పడం కష్టం. కాలనీలో ఉన్న మేస్త్రీల గొట్టాలన్నీ బయటికి వచ్చాయి. తాపీ అక్క వాటిని కొసకి కొస కలిపి, సైకిలు ట్యూబు చీలికలతో బిగించింది. నీలం పట్టిన గొట్టాన్ని రంగులాయనే మురుగు కాలవలో పారేశాడు. ఆయన ఇంట్లో బీరువా జరిపారు. అక్కడి గుర్తు దగ్గర కొస పట్టుకోమని కుట్టుమిషను వదినని పిలిచాడు. ఆమె ఆయన వంక ఒక క్షణం చూసి, వచ్చి పట్టుకుంది. ఇంజనీరు ఆమె పక్కన నిలబడ్డాడు. గొట్టం గుమ్మం దాటి, వీధి దాటి, మట్టి దిబ్బ ఎక్కి హాలు కిటికీలోకి పోయింది. కాలనీ అంతా దాని పక్కన వరసగా నిలబడింది. ఎత్తుడు పనివాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, అర్జీ రాద్దామన్న పెద్దాయన, కదిలిపోదామన్నవాడు. లారీలు ఆపొద్దని అరిచిన ముగ్గురూ లారీలు దిగి వచ్చారు.

తాపీ అక్క ఆ చివర నుంచి ఈ చివరకి కేక పెడుతూ నడిచింది.

"ఎవరి మూరెడు వాళ్లు చూసుకోండి. మీ చేతిలో ఉన్నంత మీది. బుడగ కనపడితే తట్టండి, పక్కవాళ్లకి తోలండి. పక్కవాళ్లు వాళ్ల పక్కకి తోలాలి. ఎవరూ దాచుకోకండి."

ఒక్క మనిషి పిడికిట్లో దాగిన బుడగ మూడువందల కళ్లముందు దాగలేకపోయింది. వేళ్లు తట్టిన చప్పుడు వీధి పొడుగునా వానచినుకుల్లా వినపడింది. బుడగలు ఒక్కొక్కటే చేతి నుంచి చేతికి కదిలి, కిటికీ దాటి, హాల్లో కొస నుంచి బయటపడ్డాయి. మనవరాలు ఫోన్లో తీస్తూ నడుస్తోంది. ఆమె ఫోన్లో బొమ్మ అప్పటికప్పుడే హాల్లో తెర మీద పడుతోంది. రంగులేదు, నీలాలు లేవు. ఒక చెయ్యి, ఇంకో చెయ్యి, ఇంకో చెయ్యి, వేళ్ల మధ్య ఏమీ లేనట్టున్న నీళ్లు. కొనుక్కోబోయే వాళ్లు కుర్చీలు వదిలి తెర దగ్గరకి వచ్చి చూశారు. కొందరు బయటికి పోయి వరసలో నిలబడ్డారు. నర్సమ్మకి ఒక మూర దొరికింది.

హాల్లో కొస రంగులాయన చేతిలో ఉంది. నీళ్లు ఊగి, ఊగి, నిలబడ్డాయి. అధికారి కుర్చీలో కూర్చునే ఉన్నాడు. నీళ్లు సరిగ్గా ఆయన గుండె ఎత్తున ఆగాయి.

అంత మట్టి పోసి పైకి లేపిన హాల్లో, గుండెల దాకా నీళ్లు. రెండో వీధి తప్పు గీత ప్రకారమైతే పొట్ట దాకానే. కాలనీవాళ్ల తప్పు కూడా కంపెనీకే లాభం చేసింది, నిజం దానికన్నా జానెడు ఎక్కువే. వదిన పక్కన గుర్తు చూసిన ఇంజనీరు హాల్లోకి వచ్చి ఈ కొస చూశాడు. మిషను తెరిచి, మూశాడు. తేడా లేదు అన్నాడు, మేనేజరుకి వినపడకూడదన్నంత మెల్లగా. మైకు మాత్రం అందుకుంది.

నర్సమ్మ అడిగింది, అయితే మా ఇళ్లలోకి కూడానా అని. ఆ ప్రశ్నతో హాలు లేచింది. ముందు వరసలూ వెనక వరసలూ కలిసిపోయాయి. అధికారి విచారణ వాయిదా అన్నాడు. ఎవరూ కదలలేదు. ఆ గోలలో రంగులాయన చొక్కా జేబులోంచి కుంచె, నీలం రంగు సీసా తీశాడు. తెల్ల గోడ మీద గీత మొదలుపెట్టాడు. నలభై ఏళ్ల బోర్డుల చెయ్యి అది. గోడ అయిపోయి తెర వచ్చింది. ఆగలేదు. తెర మీద ఆ చేతుల బొమ్మ మధ్యలోంచి గీత లాక్కుంటూ పోయి అవతలి గోడ మూల దాకా ముగించాడు.

పోలీసులు ఆయన్ని ఆ కుంచెతో సహా తీసుకుపోయారు. కంపెనీ ఆస్తి పాడుచేసినందుకు. గొట్టాన్ని చుట్టచుట్టి సాక్ష్యమని స్టేషనుకి తెచ్చారు. మనవరాలి ఫోను లాక్కున్నారు. అప్పటికే ఆ బొమ్మ ఊరు దాటిపోయింది.

స్టేషను రెండో వీధి చివర, రోడ్డుకి ఇవతల ఉంది. దానిదీ పల్లమే. ఆ గోడకీ ఒకప్పుడు ఆయన గీత గీశాడు, ఆయనే చెరిపాడు. సెల్లో కూర్చుని కిటికీ ఊచల్లోంచి చూస్తే రోడ్డవతల ఆఖరి ఇల్లు కనపడేది. పొద్దుగుంకేలోగా తాపీ అక్క, ఆడవాళ్లు ఆ వీధి గీతలన్నీ దిద్దారు. ఒక్కో గోడ మీద జానెడు కింద పాత గీత, పైన కొత్త గీత. పాతది చెరపలేదు. తప్పు కూడా కనపడనివ్వమని అక్కే అందట.

తెల్లారేసరికి స్టేషను ముందు కాలనీ అంతా కూర్చుని ఉంది. వాళ్లతోపాటు నర్సమ్మ, ఇంకో పది పదిహేనుమంది కొత్తమొహాలు. నినాదాలు లేవు. మనిషిని వదిలేదాకా లేవమన్నారు, అంతే. లారీలు ఆ పొద్దున కదల్లేదు.

కాపలా కానిస్టేబులు టీ గ్లాసు తెచ్చి ఊచల మధ్య పెట్టాడు. బదిలీ మీద మూడేళ్ల కిందట వచ్చిన మనిషి, వరద చూడలేదు. పెళ్లాం, ఇద్దరు పిల్లలు వెనక క్వార్టర్సులో ఉంటారు. కాసేపు అటూ ఇటూ తచ్చాడి, చుట్టూ చూసి అడిగాడు.

"పెద్దాయనా, ఇక్కడికెంత దాకా వస్తుంది?"

రంగులాయన టీ ముట్టుకోలేదు. బల్ల మీద చుట్ట చుట్టి పెట్టిన గొట్టం వైపు గడ్డంతో చూపించాడు. కానిస్టేబులు ఎస్సై గది వంక చూశాడు. ఎస్సై ఇంకా రాలేదు. గొట్టం తెచ్చాడు. రంగులాయన ఒక కొసని కిటికీ ఊచల్లోంచి బయటికి తోశాడు. అక్కడ తాపీ అక్క అందుకుని, రోడ్డు దాటి, కొత్త గీత దగ్గర పట్టుకుంది. కుట్టుమిషను వదిన చెంబుతో నీళ్లు పోసింది. రోడ్డు మీద కూర్చున్నవాళ్లు లేచి వరసగా నిలబడ్డారు, ఎవరూ చెప్పకుండానే.

ఆయన తన కొస ఎత్తి పట్టుకున్నాడు. నీళ్లు పైకి వచ్చాయి, కానిస్టేబులు భుజం దాటాయి, టోపీ దగ్గర ఆగాయి. ఆయన అప్పుడే గుర్తు పెట్టలేదు. కానిస్టేబులు చెయ్యి పట్టుకుని, ఊచల దగ్గర గొట్టం మీద పెట్టాడు.

"తట్టి చూడు నాయనా" అన్నాడు. "నీ మూరెడు నువ్వు చూసుకో."